యంత్రం మొరాయిస్తే: పాత ఎక్స్‌కవేటర్లలో ఇంజను కంట్రోల్ లోపాలపై ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ వాటి సారాంశం ఒకటే. సెకండ్ హ్యాండ్ మెషీను కొన్నాం, ఇంజను లోపల ఆరోగ్యంగానే ఉంది, కరెంటు వైపు ఏదో తేడా చేస్తోంది, కంట్రోలర్ (ఇంజనును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చాలంటున్నారు అని. కంట్రోలర్ దాకా వెళ్లే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. అవి చూడకుండా మార్చిన కొత్త కంట్రోలర్ కూడా అదే తప్పు చూపిస్తుంది.

ప్రశ్న: మాది 20 టన్నుల తరగతి పాత మెషీను. డీజిల్ పంపు మెకానికల్‌దే, యాక్సిలరేటర్ మాత్రం డయల్, మోటారుతో నడుస్తుంది. డయల్ ఎంత తిప్పినా ఇంజను స్లోలోనే ఉంటోంది. ఒక్కోసారి దానంతట అదే పైకీ కిందికీ ఊగుతోంది. ఇద్దరు మెకానిక్కులు చూసి కంట్రోలర్ పోయిందన్నారు. నిజమేనా?

జవాబు: కావచ్చు, కానీ అనుమానించాల్సిన వరుసలో కంట్రోలర్‌ది ఆఖరి స్థానం. మీ మెషీన్లో ఈ పనికి నాలుగు భాగాలున్నాయి. క్యాబిన్లో డయల్. అది ఒక వేరియబుల్ రెసిస్టర్. దాని నుంచి వచ్చే వోల్టేజిని చదివే కంట్రోలర్. పంపు లివర్ని లాగే థ్రాటిల్ మోటారు. ఆ మోటారు చెయ్యి ఎక్కడుందో కంట్రోలర్‌కు తిరిగి చెప్పే మరో వేరియబుల్ రెసిస్టర్. ఇది మోటారులోనే ఉంటుంది. వేరియబుల్ రెసిస్టర్‌నే పాట్ అంటారు, కాబట్టి దీన్ని ఫీడ్‌బ్యాక్ పాట్ అందాం.

ముందు మల్టీమీటరు జోలికి వెళ్లకండి. బకెట్ నేలకు ఆనించి, సేఫ్టీ లివర్ లాక్ చేసి, ఇంజను ఆపి, మోటారుకూ పంపు లివర్‌కూ మధ్య ఉన్న రాడ్డు ఊడదీయండి. లివర్ని చేత్తో స్లో నుంచి ఫుల్ దాకా కదపండి. ఎక్కడా పట్టకుండా వెళ్లి, వదిలితే స్ప్రింగుతో వెనక్కి రావాలి. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, ఒకరు కీ దగ్గర ఉండగా లివర్ని నెమ్మదిగా పైకి తీసుకెళ్లండి. ఇంజను చక్కగా రేజ్ అయితే పంపు, ఇంజను, ఫిల్టర్లు అన్నీ నిర్దోషులే. లివర్ బిగుసుకుపోయి ఉంటే మాత్రం కరెంటు వైపు వెతకడమే అనవసరం. మోటారు లాగలేక ఆగిపోతోంది, అంతే.

ఇప్పుడు ఇంజను ఆపి కీ మాత్రం ఆన్‌లో ఉంచండి. రాడ్డు ఊడే ఉండాలి. డయల్ తిప్పుతూ మోటారు చెయ్యిని గమనించండి. ఈ చెయ్యి మీకు సగం సంగతి చెప్పేస్తుంది. చివరి నుంచి చివరికి సాఫీగా కదిలితే కరెంటు లోపం లేదు, రాడ్డు పొడవు తప్పు లేదా కీళ్లు అరిగాయి. కదిలి, దాటిపోయి, వెనక్కి వచ్చి, మళ్లీ దాటిపోతూ వణికితే ఫీడ్‌బ్యాక్ పాట్ ట్రాక్ అరిగింది. మీ ఇంజను ఊగడానికి మొదటి అనుమానం దీని మీదే. అసలు కదలకపోతే డయల్ నుంచి మొదలుపెట్టాలి.

డయల్‌కు మూడు వైర్లు. కనెక్టర్ పెట్టే ఉంచి, వెనక నుంచి సన్నని పిన్నుతో కొలవండి. ఒక చివర 5 వోల్టులు, రెండో చివర సున్నా, మధ్య వైరులో డయల్ తిప్పే కొద్దీ మారే వోల్టేజి ఉండాలి. మధ్య వైరు రెండు అంచుల్లోనూ పూర్తి సున్నాకో పూర్తి 5కో చేరదు. చేరితే కంట్రోలర్ దాన్ని వైరు తెగినట్టు లెక్కేస్తుంది. తిప్పుతున్నప్పుడు మధ్యలో ఎక్కడా గుటుక్కున పడిపోకూడదు. ఇక్కడ డిజిటల్ మీటరు మోసం చేస్తుంది, క్షణకాలపు పతనాన్ని అది చూపించలేదు. ముల్లు ఉన్న పాత మీటరు గానీ, మిన్ మ్యాక్స్ నమోదు చేసే మీటరు గానీ వాడండి.

5 వోల్టులే లేకపోతే వెంటనే కంట్రోలర్‌ను తిట్టకండి. చాలా మెషీన్లలో డయల్‌కూ ఫీడ్‌బ్యాక్ పాట్‌కూ ఒకే 5 వోల్టుల లైను. మోటారు దగ్గరి పాట్ కనెక్టర్ పీకి మళ్లీ చూడండి. 5 వోల్టులు తిరిగొస్తే షార్టు మోటారు వైపు ఉంది.

కీ ఆపి రెండు పాట్‌లనూ ఓమ్‌లలో కూడా చూడండి. చివర నుంచి చివరకు చాలా మోడళ్లలో 4 నుంచి 6 కిలో ఓమ్‌లు ఉంటుంది. మధ్య పిన్ను నుంచి చివరకు కొలిచే విలువ ఎగుడుదిగుడు లేకుండా మారాలి. మోటారు స్టెప్పర్ రకమైతే (ఒక్కో అడుగుగా తిరిగేది) రెండు కాయిల్ జతలుంటాయి. రెండింటి విలువా కొన్ని ఓమ్‌లే, కానీ రెండూ సమానంగా ఉండాలి. కాయిల్ నుంచి బాడీకి ఏమీ చూపించకూడదు. స్టెప్పర్ మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా 24 వోల్టులు పెట్టి చూడటం ఒక దురలవాటు. మోటారు ఒక్క అడుగు వేసి ఆగుతుంది, కాయిల్ మాత్రం కాలుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కంట్రోలర్‌కు వెళ్లే కరెంటూ ఎర్తూ లోడులో నిలబడుతూ, అయినా మోటారుకు ఏ సంకేతమూ రాకపోతే అప్పుడు కంట్రోలర్ పేరెత్తండి. ఏ భాగం మార్చినా రాడ్డు పొడవు మాన్యువల్ ప్రకారం సరిచేయాలి. కొన్ని కంపెనీల మెషీన్లలో లెర్నింగ్ అనే పని కూడా చేయించాలి. లేకపోతే స్లో, ఫుల్ స్థానాలు కంట్రోలర్‌కు తెలియవు, కొత్త మోటారు పెట్టినా ఆర్‌పీఎం పాతలాగే తప్పుతుంది.

మరో సలహా కూడా మీకు ఎవరో ఇచ్చే ఉంటారు: మోటారు తీసేసి చేతి కేబుల్ పెట్టేయమని. మెషీను నడుస్తుంది, నిజమే. కానీ హైడ్రాలిక్ పంపు కంట్రోలర్ డయల్ అడిగిన ఆర్‌పీఎంనూ ఇంజను ఇస్తున్న ఆర్‌పీఎంనూ పోల్చి పంపు లోడును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. కేబుల్ పెట్టాక ఆ లెక్క తప్పుతుంది. తవ్వేటప్పుడు ఇంజను దిగిపోవడమో, హైడ్రాలిక్స్ నీరసించడమో మొదలవుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు మంచి పంపును విప్పుతారు.

ప్రశ్న: కామన్ రైల్ ఇంజను (రైల్ అనే ఒకే పైపులో అధిక ప్రెషర్‌తో ఉన్న డీజిల్ ఇంజెక్టర్లన్నింటికీ వెళ్లే రకం). ఒకేసారి ఆయిల్ ప్రెషర్, బూస్ట్ (టర్బో నెట్టే గాలి) ప్రెషర్, రైల్ ప్రెషర్ మూడింటికీ లోపం కోడ్లు వచ్చాయి. అన్నింటి చివరా 4 అంకె ఉంది. రెండు సెన్సర్లు కొత్తవి వేశాం, కోడ్లు పోలేదు. మూడోది కూడా మార్చాలా?

జవాబు: మార్చకండి. మూడు సెన్సర్లు ఒకే రోజు చావవు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి, అది 5 వోల్టుల సప్లయి.

ముందు కోడ్ చదవడం. జె1939 అనే భారీ వాహనాల ప్రమాణంలో ప్రతి కోడ్‌లోనూ రెండు ముక్కలుంటాయి. ఎస్‌పీఎన్ ఏ సర్క్యూటో చెబుతుంది: 100 అంటే ఆయిల్ ప్రెషర్, 102 బూస్ట్, 110 కూలెంట్ వేడి, 157 రైల్ ప్రెషర్, 190 ఇంజను ఆర్‌పీఎం. ఎఫ్‌ఎంఐ ఏ రకం తప్పో చెబుతుంది. 3 అంటే సిగ్నల్ వోల్టేజి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 అంటే తక్కువ. 5 అంటే కరెంటు తక్కువ, అంటే లైను తెగింది. 6 అంటే కరెంటు ఎక్కువ, అంటే ఎర్త్‌కు తగిలింది. 2 అంటే సిగ్నల్ నిలకడగా లేదు. ఈ అయిదూ వైరింగు వైపు వేలు చూపేవి.

0, 1 మాత్రం వేరే జాతి. సెన్సర్ బాగానే పనిచేస్తూ, నిజంగానే విలువ మరీ ఎక్కువ, మరీ తక్కువ అని చెబుతోందన్న మాట. ఎస్‌పీఎన్ 100కు ఎఫ్‌ఎంఐ 1 వస్తే వైరు వెతుకుతూ కూర్చోకండి. ఇంజను ఆపి, సెన్సర్ తీసిన చోట మెకానికల్ గేజి బిగించి నిజమైన ఆయిల్ ప్రెషర్ చూడండి. కోడ్ అంటే సెన్సర్ పోయిందనే అలవాటు వల్ల బేరింగులు పట్టేసిన ఇంజన్లున్నాయి.

మీ విషయానికొస్తే, మూడూ ఎఫ్‌ఎంఐ 4. అంటే మూడు సిగ్నళ్లూ కిందికి పడ్డాయి. జాబితాలో 3509 లేదా 3510 కూడా ఉందేమో చూడండి, అవి సెన్సర్ సప్లయి వోల్టేజికి చెందినవి. కీ ఆన్ చేసి, ఇంజను ఆపి, ఏదో ఒక సెన్సర్ కనెక్టర్లో 5 వోల్టుల పిన్నుకు మీటరు పెట్టి ఉంచండి. 5కు బదులు 1, 2 వోల్టులు కనిపిస్తే షార్టు ఖాయం. ఇప్పుడు మీటరు అలాగే ఉండగా మిగతా సెన్సర్లను ఒక్కొక్కటిగా పీకుతూ పోండి. ఏది పీకినప్పుడు మీటరు 5కు ఎగిరిందో అదే దోషి. ఆ లైనులో ఉన్న ప్రతి సెన్సరూ ఈ వేటలోకి వస్తుంది, కోడ్ రానివి కూడా. అన్నీ పీకినా ఎగరకపోతే కీ ఆపి, ఇంజను కంట్రోలర్ కనెక్టర్ తీసి, ఆ 5 వోల్టుల వైరుకూ బాడీకీ మధ్య ఓమ్‌లు చూడండి. తక్కువ చూపిస్తే హార్నెస్ (వైర్ల కట్ట) ఎక్కడో రాసుకుని ఎర్త్ అయింది. ఏమీ చూపించకపోతే అప్పుడు కంట్రోలర్ లోపలి సప్లయిని అనుమానించవచ్చు.

రాసుకునే చోట్లు దాదాపు అన్ని మెషీన్లలోనూ అవే: ఫ్లైవీల్ హౌసింగ్ అంచు, టర్బో కింద, స్టార్టర్ మోటారు వెనక, క్యాబిన్ ఫ్లోరు కింద హార్నెస్ గోడ దాటే రంధ్రం, హైడ్రాలిక్ గొట్టానికి ట్యాగుతో కట్టేసిన చోటు. గొట్టం ప్రెషర్ పడినప్పుడల్లా కదులుతుంది, వైరును కోస్తుంది. ఇక ఎలుకలు. అవి ఎక్కడ కొరుకుతాయో ఏ మాన్యువల్లోనూ ఉండదు.

వేడి కొలిచే రెండు వైర్ల సెన్సర్లకు మరో తేలిక పరీక్ష ఉంది. ఎఫ్‌ఎంఐ 3 వస్తుంటే కనెక్టర్ పీకి, హార్నెస్ వైపు రెండు పిన్నుల్నీ చిన్న జంపర్ వైరుతో కలపండి. కోడ్ 4కు మారితే వైర్లూ కంట్రోలరూ బాగున్నాయి, సెన్సర్ పోయింది. మారకపోతే వైరు తెగింది. అదే ఎఫ్‌ఎంఐ 4 వస్తుంటే ఊరికే కనెక్టర్ పీకండి, 3కు మారాలి. మారలేదంటే వైరు ఎర్త్ అయి ఉంది. మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్ల దగ్గర మాత్రం ఈ జంపర్ ఆట ఆడకండి, 5 వోల్టులను నేరుగా ఎర్త్‌కు కలిపేస్తారు.

ప్రశ్న: కంటిన్యుటీ పెడితే బీప్ వస్తోంది, ఓమ్స్ కూడా దాదాపు సున్నా. అయినా ఆ వైరు చివర సామాను పనిచేయడం లేదు. ఎలా సాధ్యం?

జవాబు: మీటరు ఓమ్‌లు కొలవడానికి పంపే కరెంటు అతి స్వల్పం, మిల్లీ ఆంపియర్ల లెక్క. వైరులో ఇరవై పోగులుండి పందొమ్మిది తెగినా, మిగిలిన ఒక్క పోగు ఆ కాస్త కరెంటును హాయిగా మోస్తుంది. అసలు లోడు పడగానే చేతులెత్తేస్తుంది. అందుకే వైరును లోడు పెట్టి పరీక్షించాలి. 24 వోల్టుల 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించుకోండి, అది 0.9 ఆంపియర్ల దాకా లాగుతుంది. కనెక్టర్ పీకి, కరెంటు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య బల్బు పెట్టండి. కాంతి మందగిస్తే లోపం ఉంది. బల్బు వెలుగుతుండగానే మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ఆ పిన్ను మీద పెట్టి డ్రాప్ (దారిలో పోయిన వోల్టేజి) చూడండి. ఎర్త్ వైపూ అలాగే బ్యాటరీ మైనస్ నుంచి చూడండి. ఒక్కో వైపు 0.2, 0.3 వోల్టులు దాటితే దారి పొడవునా ఫ్యూజు, రిలే, కనెక్టర్ వారీగా మీటరు జరుపుకుంటూ వెళ్లండి. డ్రాప్ ఒక్కసారిగా ఎక్కడ తగ్గిందో అక్కడే చిలుము పట్టి ఉంటుంది. ఈ బల్బును కరెంటు, ఎర్త్ లైన్లకే వాడాలి. సెన్సర్ సిగ్నల్ పిన్నుల్లో, 5 వోల్టుల లైన్లో పెట్టకూడదు.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య అర వోల్టు మించితే ఎర్త్ పట్టీ తీసి, పెయింటు గీకి మళ్లీ బిగించండి.

ప్రశ్న: మెషీను పని మధ్యలో హఠాత్తుగా ఆగిపోతుంది. పది నిమిషాలాగి కొడితే స్టార్ట్ అవుతుంది. ఏ కోడూ ఉండదు. మెకానిక్ వచ్చేసరికి బ్రహ్మాండంగా నడుస్తుంది.

జవాబు: ఇలాంటి లోపాన్ని మెకానిక్ కంటే ఆపరేటరే బాగా పట్టగలడు, ఆగిన ఆ రెండు సెకన్లలో ఏం చూడాలో తెలిస్తే.

మొదటిది, మానిటర్. ఇంజనుతో పాటు మానిటర్ కూడా ఆరిపోతే కరెంటు మొత్తమే పోతోంది. బ్యాటరీ టెర్మినల్, బ్యాటరీ రిలే, కీ స్విచ్, మెయిన్ ఫ్యూజు ఈ వరుసలో చూడండి. ఫ్యూజు కంటే ఫ్యూజు కూర్చునే పట్టీ వేడికి గోధుమ రంగుకు తిరిగిందేమో చూడటం ముఖ్యం. మానిటర్ వెలుగుతూనే ఇంజను ఒక్కటే ఆగితే ఇంజను కంట్రోలర్ కరెంటు, క్రాంక్ సెన్సర్ (ఇంజను తిరిగే వేగాన్ని చదివేది), లేదా డీజిల్.

రెండోది, ఆర్‌పీఎం అంకె. ఇంజను ఇంకా తిరుగుతుండగానే అంకె ఠక్కున సున్నాకు పడితే సిగ్నల్ పోయింది, క్రాంక్ సెన్సర్ వైపు వెళ్లండి. ఇంజనుతో పాటే మెల్లగా దిగి, ఆగే ముందు ఇంజను కాస్త తడబడితే అది డీజిల్ సమస్య. ట్యాంకు మూత బ్రీదర్ (గాలి రంధ్రం) మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి డీజిల్ రాదు. పది నిమిషాలాగితే గాలి దూరి సర్దుకుంటుంది. ఈ బ్రీదర్ కారణంగా హార్నెస్‌లు మార్చిన వాళ్లున్నారు. మరోసారి ఆగితే ట్యాంకు మూత తెరిచి, బుస్సుమన్న చప్పుడు వస్తుందేమో వినండి.

మూడోది, వేడి. కాయిల్ రకం క్రాంక్ సెన్సర్లో సన్నని తీగ వేడికి వ్యాకోచించి తెగిపోయినట్టవుతుంది, చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఓమ్‌లు కొలిచి రాసిపెట్టుకోండి. సాధారణంగా కొన్ని వందల నుంచి వెయ్యి, రెండు వేల మధ్య ఉంటుంది. ఆగిన వెంటనే మళ్లీ కొలవండి. వేడికి కొంచెం పెరగడం సహజం, అనంతం చూపిస్తే దొరికినట్టే. ఇది రెండు వైర్ల సెన్సర్‌కే. మూడు వైర్లుంటే అది హాల్ రకం (కాయిల్ బదులు చిప్‌తో పనిచేసేది) కావచ్చు. దాన్ని ఓమ్‌లలో కొలిస్తే ఏమీ తేలదు, సప్లయి, ఎర్త్ చూసి సెల్ఫ్ కొడుతూ సిగ్నల్ చూడాలి.

ఫ్లైవీల్ మీద మరతో బిగించే సెన్సర్ అయితే తీసి చూడండి, ముఖానికి ఇనుప పొడి గడ్డంలా పట్టి ఉంటుంది. తుడిచి తిరిగి పెట్టేటప్పుడు రంధ్రంలోంచి పన్ను ఎదురుగా ఉందని నిర్ధారించుకోండి. పన్నుకు మెల్లగా తగిలే దాకా తిప్పి, మాన్యువల్లో ఉన్నంత వెనక్కి తిప్పి లాక్ నట్టు బిగించండి. అర చుట్టు నుంచి ఒక చుట్టు అన్నది మామూలు లెక్క. 1.5 మిల్లీమీటర్ల మర అయితే ఒక చుట్టుకు ఖాళీ కూడా అంతే వస్తుంది. పళ్ల మధ్య సందులోకి తిప్పి బిగిస్తే, సెల్ఫ్ కొట్టగానే సెన్సర్ తల తెగి పడుతుంది.

ఇంత చూసినా దొరకకపోతే ఇంజను కంట్రోలర్‌కు వెళ్లే కరెంటు వైరు నుంచి, 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి, క్యాబిన్లోకి ఒక చిన్న 24 వోల్టుల బల్బు లాగండి. ఇంజను ఆగిన క్షణంలో బల్బు ఆరిందా లేదా అన్నదే జవాబు. స్లోలో నడుస్తుండగా హార్నెస్‌ను అడుగడుగునా చేత్తో ఊపి చూడటం కూడా మంచిదే, ఫ్యాను బెల్టుకు దూరంగా.

ప్రశ్న: ఇంజను ఆపే సొలెనాయిడ్ (కరెంటుతో కడ్డీని లాగే కాయిల్) మూడు నెలలకోసారి కాలిపోతోంది. నాసిరకం సరుకే కారణమా?

జవాబు: సరుకు సంగతి తర్వాత. మీది మూడు వైర్ల రకమైతే లోపల రెండు కాయిళ్లుంటాయి. ఒకటి లాగేది, అది పదుల ఆంపియర్లు తాగుతుంది, సెకను సేపు మాత్రమే కరెంటు తట్టుకుంటుంది. రెండోది పట్టి ఉంచేది, ఒక ఆంపియరు దరిదాపుల్లో. బాగా వాడుకలో ఉన్న రకంలో తెల్లవైరు లాగే కాయిల్‌ది, ఎర్రవైరు పట్టే కాయిల్‌ది, నల్లవైరు ఎర్త్. ఇంజను నడుస్తుండగా తెల్లవైరులో వోల్టేజి చూడండి. సున్నా ఉండాలి. 24 ఉంటే టైమర్ రిలే అతుక్కుపోయింది, లేదా ఎవరో తెల్లవైరును కీ ఆన్ లైనుకు కలిపేశారు. పాత మెషీన్లలో రెండోదే ఎక్కువ. సెల్ఫ్ లైనుకు కలిపిన మెషీను అయితే, నిమిషాల తరబడి సెల్ఫ్ కొట్టినా కాయిల్ కాలుతుంది.

రెండు వైర్ల రకంలో ప్లంజర్ (కాయిల్ లాగే కడ్డీ) పూర్తిగా లోపలికి చేరినప్పుడే లోపలి స్విచ్ పెద్ద కాయిల్‌ను కట్ చేస్తుంది. లింకు పొడవు రెండు మిల్లీమీటర్లు తప్పినా చేరదు. కొత్తది బిగించి, లివర్‌కు కలిపాక ప్లంజర్ అడుగు దాకా వెళ్తోందో లేదో చేత్తో నొక్కి చూడండి. సొలెనాయిడ్ మీద 12 అని ఉందా 24 అని ఉందా అన్నది కూడా చదవండి. నవ్వకండి, ఇది జరుగుతుంది.

ప్రశ్న: మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తోంది, ఆర్‌పీఎం, టెంపరేచర్ ఏవీ చూపించడం లేదు. ఇంజను మాత్రం నడుస్తోంది.

జవాబు: క్యాన్ లైనులో, అంటే కంట్రోలర్లూ మానిటరూ సమాచారం ఇచ్చిపుచ్చుకునే రెండు వైర్ల లైనులో తేడా. బ్యాటరీ తీసేసి, డయాగ్నస్టిక్ సాకెట్లో క్యాన్ హై, క్యాన్ లో పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. జె1939 తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్లో అవి సి, డి. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి కాబట్టి 60 చూపాలి. 120 చూపిస్తే ఒక రెసిస్టర్ లేదు లేదా ఒక వైపు లైను తెగింది. 40 చూపిస్తే ఎవరో మూడో రెసిస్టర్ ఉన్న పెట్టె తగిలించారు. సున్నాకు దగ్గరైతే రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలాయి. 60 ఉంటే బ్యాటరీ పెట్టి, కీ ఆన్ చేసి ఒక్కో వైరునూ ఎర్త్‌కు కొలవండి. హై 2.5కు కాస్త పైన, లో 2.5కు కాస్త కింద ఉండాలి. ఒకటి సున్నాకో 24కో అతుక్కుని ఉంటే కంట్రోలర్లను ఒక్కొక్కటిగా పీకుతూ చూడండి.

ఆ పని మొదలుపెట్టే ముందు జీపీఎస్ ట్రాకర్ ఎక్కడుందో వెతకండి. ఫైనాన్సు మీద తిరిగిన మెషీన్లలో సీటు వెనకో ఫ్యూజు బాక్సు కిందో ఒకటి, కొన్నిసార్లు రెండు ఉంటాయి. క్యాన్ వైర్ల మీద కొక్కెం వేసినవి, కీ లైనును కోసి మధ్యలో స్టార్టింగ్ కట్ రిలే పెట్టినవి కనిపిస్తాయి. సెల్ఫ్ కొట్టని మెషీన్లలో కూడా ఈ రిలేను ముందు చూడాలి, తర్వాత సేఫ్టీ లివర్ కింది స్విచ్‌ను.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ మెషీను కొనబోతున్నాను. కరెంటు వైపు గంటలో ఏమేం చూడగలను?

జవాబు: ఇంజను చల్లగా ఉండగా వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచితే అదే ఒక సమాచారం.

కీ ఆన్ చేయగానే మానిటర్ దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. ఆయిల్, ఇంజను హెచ్చరిక దీపం అసలు వెలగకపోతే బల్బు పోయిందనుకోకండి, పీకేశారేమో చూడండి. బ్యాటరీలు రెండింటినీ విడివిడిగా కొలవండి. నిండుగా ఉంటే ఒక్కోటి 12.6 పైన. రెండింటి మధ్య అర వోల్టు తేడా ఉంటే ఒకదాని నుంచి 12 వోల్టుల టేపు రికార్డరో ఫోను చార్జరో లాగుతున్నారు. ఆ లాగుడు ఒక బ్యాటరీని ఎండబెట్టి రెండోదాన్ని ఉడకబెడుతుంది, దానికి 24 నుంచి 12 కన్వర్టరే మందు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మొత్తం 18 వోల్టుల కిందికి పోతే కంట్రోలర్ రీసెట్ అయ్యే ప్రమాదముంది. నడుస్తున్నప్పుడు 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి. 30 దాటితే డైనమో రెగ్యులేటర్ కంట్రోలర్లకు ఎసరు పెడుతోంది.

కోడ్ల చరిత్ర చదివించండి. ఇంజను కంట్రోలర్లో నమోదైన గంటలనూ మానిటర్ మీటరు గంటలనూ పోల్చండి, పెద్ద తేడా ఉంటే రెండింటిలో ఒకటి మార్చిందే. అమ్మేవాడు ఆ ఉదయమే కోడ్లు చెరిపేసి ఉండొచ్చు కాబట్టి, చరిత్ర ఖాళీగా ఉంటే సంతోషించకండి. అరగంట లోడులో నడిపి మళ్లీ చదవండి.

ఫ్యూజు బాక్సు తెరవండి. మూత మీద రాసిన ఆంపియర్లకూ లోపల ఉన్నదానికీ తేడా ఉంటే, ఫ్యూజు స్థానంలో తీగ ఉంటే, ఆ లైనులో ఎక్కడో షార్టు దాగి ఉంది. టేపు చుట్టిన హార్నెస్ తప్పు కాదు, కానీ ఫ్యాక్టరీ రంగుల వైరు మధ్యలో మరో రంగు వైరు కలిస్తే అది ఎందుకు కలిసిందో అడగండి. థ్రాటిల్ మోటారు ఉండాల్సిన చోట సైకిల్ బ్రేకు కేబుల్ లాంటిది కనిపిస్తే పైన మొదటి జవాబు చూడండి.

చివరగా ఆటో ఐడిల్ ఆన్ చేసి లివర్లు వదలండి. కొన్ని సెకన్లలో ఆర్‌పీఎం దిగాలి, లివర్ ముట్టుకోగానే లేవాలి. కొన్ని కదలికలకే లేచి, మిగతావాటికి లేవకపోతే పైలట్ లైను (లివర్ల ఆదేశాన్ని మోసే సన్నని హైడ్రాలిక్ లైను)లోని ప్రెషర్ స్విచ్‌లు లేదా సెన్సర్లలో ఒకటి పోయింది. ఇది చిన్న ఖర్చే, బేరానికి మాత్రం పనికొస్తుంది.

ప్రశ్న: బకెట్ వెల్డింగు చేశాక ఇంజను స్టార్ట్ కాలేదు. సంబంధముందా?

జవాబు: ఉండొచ్చు. వెల్డింగుకు ముందు బ్యాటరీ కేబుళ్లు, మైనస్ మొదట, తీసేయాలి. ఇంజను, పంపు కంట్రోలర్ల కనెక్టర్లు కూడా పీకాలి. వెల్డింగు ఎర్త్ క్లాంపు అతికే ముక్క మీదే పెట్టాలి. ఛాసిస్ మీద దూరంగా పెడితే ఆ కరెంటు స్వింగ్ బేరింగు, ఎర్త్ పట్టీలు, వాటి గుండా కంట్రోలర్ ఎర్త్ దాకా దారి వెతుక్కుంటుంది. యూరియా ద్రావణం వాడే కొత్త తరం ఇంజన్లయితే కీ ఆపాక కొన్ని నిమిషాలాగి, లైన్లు ఖాళీ చేసే పంపు చప్పుడు ఆగాకే బ్యాటరీ తీయాలి. మీ మెషీన్లో ముందు ఫ్యూజులు, కంట్రోలర్ ఎర్త్ చూడండి. అదృష్టముంటే అక్కడితో ఆగుతుంది.

ప్రశ్న: పాత సామాన్ల దగ్గర అదే మోడల్ కంట్రోలర్ దొరికింది. పెట్టేయొచ్చా?

జవాబు: పైకి ఒకేలా ఉండటం చాలదు. పార్ట్ నంబరు, లోపలి సాఫ్ట్‌వేర్ రెండూ కలవాలి. ఒకే ఇంజను జనరేటర్‌కు ఒక ప్రోగ్రాముతో, ఎక్స్‌కవేటర్‌కు మరో ప్రోగ్రాముతో వస్తుంది. కామన్ రైల్ ఇంజన్లలో చాలావాటికి ప్రతి ఇంజెక్టర్ మీదా ఉన్న కోడ్‌ను కంట్రోలర్‌లో ఎక్కించాలి. వేరే ఇంజను కోడ్లతో నడిపితే పొగ, తట్టుడు చప్పుడు, ఎగుడుదిగుడు స్లో వస్తాయి. ఇంజెక్టర్ వైర్లలో వంద వోల్టుల దాకా ఉండొచ్చు, ఇంజను నడుస్తుండగా వాటిని గుచ్చి కొలవకండి. రైలు పైపులు అసలే వదులు చేయకండి, అక్కడ ప్రెషర్ వెయ్యి బార్లు దాటి ఉంటుంది, చర్మం లోపలికి డీజిల్ దూరుతుంది. మార్చాలనే తేలితే, పాత కంట్రోలర్ ఇంకా మాట్లాడుతున్నప్పుడే దానిలోని డేటాను స్కానర్‌తో దించి పెట్టుకోండి. అది పూర్తిగా చచ్చాక ఆ ఇంజెక్టర్ కోడ్ల కోసం ట్యాపెట్ కవరు విప్పాల్సి రావచ్చు.